ఏడో దర్వాజా దగ్గర తిరిగిపోయిన దోస్తు

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పుస్తకాల బీరువాల మధ్యే గడిచింది. పదవీ విరమణ రోజున మెడలో దండ వేసి అందరూ నన్ను గొప్ప గ్రంథపాలకుణ్ణి చేసేశారు. వాళ్ల అభిమానానికి చాలా సంతోషం. కానీ మీరు మనసు విప్పి చెప్పమంటే, నాకు నా మొదటి నౌకరీ మీద ఉన్న మోజు ఇంకే కుర్చీ మీదా లేదు. పెద్ద యుద్ధం ఇంకా మొదలవకముందు, యాకుత్‌పురాలో ఒక జరీ కార్ఖానాలో నేను మున్షీగా చేరాను. మున్షీ అనగానే కలం, కాగితం అనుకుంటారేమో, నేను అక్కడ ఒక్క అక్షరం కూడా రాయలేదు. పన్నెండు మంది పనివాళ్లకు పొద్దస్తమానం కథలు చదివి వినిపించడమే నా పని. దానికి నెల జీతం, మధ్యాహ్నం చాయ్ ఉచితం. ఇలాంటి నౌకరీ ఉండేదంటే మీ తరం వాళ్లు నవ్వుతారు. నవ్వండి, నేనూ జీతం తీసుకుంటూ నవ్వుకునేవాణ్ణి.

జరీ పనికి అడ్డా అనే చెక్క చట్రం ఉంటుంది. దాని మీద బట్టను డోలు చర్మంలా బిగించి కడతారు. అటొకరు, ఇటొకరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక చెయ్యి బట్ట పైన, ఒక చెయ్యి బట్ట కింద పెట్టి తీగను ఎక్కించి దించుతూ కుడతారు. మా కార్ఖానాలో అలాంటివి ఆరు అడ్డాలు. కళ్లకూ చేతులకూ క్షణం తీరిక ఉండదు, నోళ్లు మాత్రం ఖాళీ. ఆ ఖాళీ నోళ్లతో వాళ్లు పావురాల గురించి, పతంగుల గురించి, వియ్యంకుల గురించి కొట్లాడుకునేవారట. కొట్లాట ముదిరినప్పుడల్లా సూదులు ఆగేవి. అందుకని మా సేఠ్ ఉపాయం ఆలోచించి, ఒక మున్షీని పెట్టి నోళ్లు మూయించాడు.

పుస్తకాలు ఉర్దూలో ఉండేవి. పనివాళ్లలో సగం మందికి దక్కనీ ఉర్దూ సులువు, సగం మందికి తెలుగు. అందుకని ఒక పేరా ఉర్దూలో చదివి, వెంటనే తెలుగులో చెప్పేవాణ్ణి. నిజానికి అందరికీ రెండూ అర్థమయ్యేవి. విషాద ఘట్టం వస్తే ఉర్దూలో ఒకసారి ముక్కులు చీది, తెలుగులో మళ్లీ చీదేవారు. ఒక్క ఏడుపుతో ఎవరికీ తృప్తి ఉండేది కాదు.

నన్ను పనిలో పెట్టుకున్న రోజే పనివాళ్లంతా కలిసి ఒక షరతు పెట్టారు. కితాబులో ఉన్నదే చదవాలి, సొంత కవిత్వం పనికిరాదు. నాకు ముందున్న మున్షీ మంచి మనిషే గానీ, కథ మధ్యలో ఆగి తల్లిదండ్రులను గౌరవించాలని, అప్పుడప్పుడూ పళ్లు తోముకోవాలని నీతులు చేర్చేవాడట. ఒక రాకుమారి ప్రేమలో మూర్ఛపోబోతూ పళ్ల పొడి గురించి మాట్లాడేసరికి పట్టుబడ్డాడు. ఆ సాయంత్రమే ఆయనను సాగనంపారు. నేను గుండె మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

మొదటి అడ్డా మీద ఇద్దరు ఉస్తాదులు కూర్చునేవారు. ముప్పై ఏళ్లుగా అదే అడ్డా, అవే చోట్లు. ఒకాయన ముక్కు మీద సీసా అడుగులంత మందం కళ్లద్దాలు. ఆయనను కళ్లద్దాల ఉస్తాద్ అందాం. రెండో ఆయన దవడలో ఎప్పుడూ పాన్ ఉంటుంది. ఆయన పానుల ఉస్తాద్. అడ్డా ముందు పాన్ ఉన్న నోరు తెరవడం ఘోరమైన నేరం, ఒక్క ఎర్ర చుక్క పడితే పెళ్లికూతురి బట్ట బుగ్గిపాలు. అందుచేత పానుల ఉస్తాద్‌కు కోపం వస్తే ముందు లేచి, చెప్పులు తొడుక్కుని, వాకిట్లోకి పోయి ఉమ్మి, పుక్కిలించి వచ్చి, అప్పుడు తిట్టేవాడు. ఈలోగా ఎదుటివాడు ఆ సంగతి మరిచిపోయి ఇంకో విషయం మాట్లాడుతుండేవాడు.

ఆ ఏడు మేము చదువుతున్నది ఒక పాత దాస్తాన్, పరీలూ మంత్రాలూ నిండిన పొడుగాటి కథ. దాన్ని అందరూ మోటా కితాబ్ అనేవారు, అంత లావుండేది. పురానాపూల్ దగ్గర పాత పుస్తకాల దుకాణం నుంచి అద్దెకు తెచ్చేవాణ్ణి. అందులో ఒక రాజకుమారుడు పరీల రాణి కోసం బయల్దేరతాడు. వెంట ప్రాణ స్నేహితుడు. రాణి కోటకు ఏడు దర్వాజాలు. ప్రతి దర్వాజా దగ్గరా కాపలావాడు స్నేహితుణ్ణి ఏదో ఒకటి అడుగుతాడు, ఇస్తేనే తలుపు తెరుచుకుంటుంది. మొదటి దర్వాజా దగ్గర తల మీది పగిడీ ఇచ్చాడు. తర్వాత గుర్రం, కత్తి. నాలుగో దాని దగ్గర పాట పాడే గొంతు ఇచ్చాడు. అయిదో దాని దగ్గర నవ్వు, ఆరో దాని దగ్గర నీడ. రాజకుమారుడు మాత్రం రాణిని తలుచుకుంటూ ముందు ముందుకు పోతూనే ఉంటాడు. ఆరు దర్వాజాలకు ఆరు రోజులు పట్టింది, కార్ఖానాలో చీమ చిటుక్కుమనలేదు. సేఠ్ ఆనందానికి హద్దు లేదు, పని పరుగులు తీస్తోంది.

ఏడో రోజు నా ఖర్మ కాలింది. నా చిన్ననాటి స్నేహితుడొకడు "గిప్పుడే తెస్త" అని నా సైకిల్ తీసుకుపోయి నాలుగు రోజులు దాటింది. కిషన్‌బాగ్ నుంచి యాకుత్‌పురా దాకా ఎండలో నడిచి, చెప్పు తెగి, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నాను. పుస్తకం తెరిచాను. "ఏడో దర్వాజా వద్ద కాపలావాడు ఇట్లనెను" అని చదివి పేజీ తిప్పాను. అవతల కథ లేదు. ఎనిమిది కాగితాలు పోయాయి, మిగిలిన అంచుల మీద పళ్ల గాట్లు ఉన్నాయి. దుకాణం ఆయనకు ఒక మేక ఉండేది.

పన్నెండు మంది తలలు వంచుకుని చెవులు రిక్కించారు. "కాపలావాడు ఏమన్నడు?" అని ఒకరు అడిగారు. పేజీలు లేవని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. పైగా సైకిల్ లేదు.

"నీ పేరు ఇయ్యి అన్నాడు" అన్నాను, లేని పేజీ మీద కళ్లు పెట్టి. "స్నేహితుడు రాజకుమారుడి వంక చూశాడు. రాజకుమారుడు వెనక్కి తిరగలేదు. అప్పుడు స్నేహితుడు, 'దోస్త్, పేరు గూడ ఇస్తే ఇగ నన్ను ఏమని పిలుస్తరు? ఇప్పటికిచ్చింది చాలు' అని, వచ్చిన దారినే ఇంటికి పోయాడు."

చెప్పేశాక నాకు ఎంత హాయిగా అనిపించిందో! సైకిల్ తిరిగి వచ్చినంత సంబరం. ఆ సంబరం మూడు సెకన్లు ఉంది.

పానుల ఉస్తాద్ లేచి, చెప్పులు తొడుక్కుని, బయటికి పోయి, ఉమ్మి, పుక్కిలించి, తిరిగొచ్చి గర్జించాడు. "గద్దార్! ఆరు ఇచ్చినోనికి ఏడోది బరువైందా? సగం దారిల ఇడిసిపెట్టేటోడు దోస్త్ ఎట్లయితడు?"

కళ్లద్దాల ఉస్తాద్ సూది ఆపి తల ఎత్తాడు. "మంచిపని చేసిండు. నేనైతే మొదటి దర్వాజా కాడనే పోతుంటి. గా రాజకుమారుడు ఒక్కసారన్న ఎనకకు మర్లి సూసిండా? తీసుకునుడే తప్ప వానికి ఏం ఎరుక?"

"దోస్తీల లెక్కలు చూస్తరా మియా?"

"లెక్క చూడకుంటే ఒకడు మింగుతనే ఉంటడు, ఇంకొకడు అరుగుతనే ఉంటడు. గదేం దోస్తీ?"

దానికి జవాబు ఇవ్వడానికి పానుల ఉస్తాద్ నోరు తెరిచి, అలవాటు చొప్పున చెప్పులు తొడుక్కుని బయటికి పోయి వచ్చాడు, నోట్లో పాన్ లేదని వాకిట్లో గుర్తొచ్చిందట. ఈలోగా లోపల ఆరు అడ్డాలూ అంటుకున్నాయి. ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చున్న వాళ్లు కదా, ప్రతి అడ్డాకూ ఒకరు దోస్తు పక్షం, ఒకరు రాజకుమారుడి పక్షం. ఒకాయన కోపంతో తన జరీ తీగ ఉండను ఎదుటివాడి మీదికి విసిరాడు, వాడు దాన్ని పట్టుకుని జేబులో వేసుకున్నాడు. దాని కోసం మరో కొట్లాట. నేను పుస్తకం వెనక మొహం దాచుకుని నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఇంతమంది పెద్దవాళ్లు నేను కోపంలో అల్లిన నాలుగు మాటల మీద గొంతులు చించుకుంటుంటే గర్వం కలగదా మీరే చెప్పండి!

మర్నాటికి మిగతా వాళ్లు చల్లబడ్డారు. మొదటి అడ్డా మాత్రం చల్లబడలేదు. ఉస్తాదులిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. తీగో కత్తెరో కావాలంటే నన్ను పిలిచేవారు. "మున్షీ, గా గద్దారీని మెచ్చుకునే సాబ్‌ను కత్తెర అడుగు" అని ఒకరు, "మున్షీ, రాజకుమారుల నౌకరుకు కత్తెర ఇయ్యి" అని ఇంకొకరు. ఇద్దరి మధ్య దూరం రెండు మూరలు. ఆ రెండు మూరల ప్రయాణం నేను రోజుకు ముప్పైసార్లు చేశాను. అది కూడా నాకు సరదాగానే ఉంది. అంత తెలివితక్కువవాణ్ణి.

ఆ అడ్డా మీద అప్పుడున్నది ఒక పెద్ద ఇంటి పెళ్లికూతురి దుపట్టా. శుక్రవారానికి ఇవ్వాలి. దాని అంచున ఒక బంగారు తీగె, రెండు కొసల నుంచి పాక్కుంటూ వచ్చి నడుమ ఒక పువ్వు దగ్గర కలవాలి. కుడి తీగె పానుల ఉస్తాద్‌ది, ఎడమ తీగె కళ్లద్దాల ఉస్తాద్‌ది. సోమవారం మధ్యాహ్నం సేఠ్ వచ్చి చూసి, "అయ్యో!" అని అడ్డా పక్కనే కూలబడ్డాడు. కుడి తీగె చక్కగా వచ్చి పువ్వును అందుకుంది. ఎడమది వంకర్లు పోయి, ఒకచోట బిగిసి ఒకచోట వదులై, పువ్వుకు వేలెడు కిందికి జారింది. ముప్పై ఏళ్లలో కళ్లద్దాల ఉస్తాద్ చెయ్యి అలా పోవడం తను ఎన్నడూ చూడలేదన్నాడు.

సేఠ్ నన్ను బయటికి పిలిచాడు. ఆయన కోపంలో కూడా మర్యాద వదలని మనిషి. "మున్షీజీ, మీరొచ్చినంక నా కార్ఖానా మస్తు నడిచింది. గిప్పుడు నా పెద్ద అడ్డా పలిగిపోతున్నది. కళ్లద్దాలాయన ఇంకో కార్ఖానాకు పోత అంటుండు. ఈ లొల్లి మీ నోట్ల నుంచి వచ్చింది. రేపు సాయంత్రం లోపల మీరే సల్లార్చాలె. లేకుంటే ఆయనతోని పాటు మీరు గూడ పోవాలె."

అప్పటిదాకా లోపల గెంతులేస్తున్న ఆనందం ఒక్కసారిగా ఆగిపోయింది. నా నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతుంది. కానీ ముప్పై ఏళ్ల జంట నా సైకిల్ మీద కోపంతో విడిపోతుందా? నాకు సిగ్గు వేసింది. తిన్నగా పురానాపూల్ పోయాను. పుస్తకాల దుకాణం ఆయన కాగితాల మీది పళ్ల గాట్లు చూసి ఏ మాత్రం తొట్రుపడలేదు. "మంచి కథలే తింటది సాబ్ నా మేక. చెత్త కితాబులు మూతి గూడ పెట్టది" అన్నాడు. తర్వాత అటకెక్కి, దుమ్ములో తుమ్ముతూ వెతికి, మోటా కితాబ్ ఇంకో ప్రతి తీసి ఇచ్చాడు. అక్కడే నిలబడి ఏడో దర్వాజా చదివాను. చదివి, నేను అల్లిన దానికీ దీనికీ ఎక్కడా పొంతన లేదని తెలిసి, ఇంటికి నడిచాను. ఆ దారిలోనే నా స్నేహితుడు సైకిల్‌తో ఎదురయ్యాడు. దానికి చైన్ లేదు. ఇద్దరం కలిసి నెట్టుకుంటూ పోయాం.

మంగళవారం పొద్దున పీట మీద కూర్చుని, పుస్తకం తెరవకుండా చెప్పేశాను. "ఏడో దర్వాజా కితాబులది కాదు. నేను అల్లిన. కాగితాలు మేక తిన్నది."

ఆ తర్వాత నా మీదికి వచ్చిన వస్తువుల జాబితా ఇది: నాలుగు తీగ ఉండలు, ఒక చెప్పు, ఒక ఖాళీ చాయ్ కప్పు, రెండు దిండ్లు. పానుల ఉస్తాద్ కోపం పట్టలేక పాన్ మింగేసి దగ్గుతూ, "నీ మేకను గూడ తీసుకరా, దానిని గూడ కొడ్త" అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ సేఠ్ దిండు నాకు తగిలినప్పుడల్లా తల ఊపాడు. అందరూ అలిసిపోయాక నేను అసలు పుస్తకం తెరిచాను.

అసలు కథలో ఏడో దర్వాజా కాపలావాడు స్నేహితుణ్ణి ఏమీ అడగడు. రాజకుమారుణ్ణి ఆపుతాడు. "ఈ ఆరు దర్వాజాల దగ్గర నీ దోస్తు ఏమేమి ఇచ్చాడో చెప్పు. ఒక్కటి తప్పినా తలుపు తెరవను" అంటాడు. నేను ఉర్దూలో చదివాను, తెలుగులో చెప్పాను. పేజీ తిప్పబోతున్నాను.

"ఆగు మున్షీ" అన్నాడు కళ్లద్దాల ఉస్తాద్. "గా జవాబు నేను చెప్త."

సూది బట్టలో గుచ్చి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పగిడీ, గుర్రం కాదు. ఇగో ఈయన ముచ్చట చెప్తున్న. రెండేండ్ల సంది నాకు సన్నపు కుట్టు కండ్లవడ్త లేదు. మధ్యాహ్నం నేను తిని వరండల కునుకు తీస్త. ఈయన నమాజుకు పోయి, అన్నం సగం తిని, అందరికంటె ముందుగాల ఉరికొస్తడు. నా కుట్టు ఇప్పుతడు. మల్ల కుడ్తడు. గిట్ల రెండేండ్లు. తన అన్నం ఇచ్చిండు, తన నిద్ర ఇచ్చిండు, తన కండ్లు ఇచ్చిండు. ఏడోది, పేరు గూడ ఇచ్చిండు. ఈయన పని నా పేరు మీద పోతున్నది."

పానుల ఉస్తాద్ మొహం పాలిపోయింది. "నీకెట్ల ఎరుక?"

"కండ్లు పోయినయ్ గని వేళ్లు పోయినయా? బట్ట కింద చెయ్యి పెడ్త కద. నా కుట్టు నాకు తెల్వదా, నీ కుట్టు నాకు తెల్వదా?"

నాకు అప్పుడు తలకెక్కింది. కళ్లద్దాల ఉస్తాద్ ఇన్నాళ్లూ తిరిగిపోయిన దోస్తును ఎందుకు వెనకేసుకొచ్చాడో, పానుల ఉస్తాద్ వాణ్ణి ఎందుకు తిట్టాడో. కళ్లద్దాలాయన "ఇక చాలు, నువ్వు పో" అని చెప్పలేక కథను అడ్డం పెట్టుకున్నాడు. పానులాయన "నేను పోను" అని చెప్పలేక అదే పని చేశాడు. ఇద్దరూ ఎదుటివాడి కోసమే కొట్లాడారు. మాటలు బందయ్యాక పానుల ఉస్తాద్ పంతం కొద్దీ కుట్లు విప్పడం మానేశాడు, అందుకే ఎడమ తీగె వంకర్లు పోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఈ సంగతి కార్ఖానాలో నాకూ సేఠ్‌కూ తప్ప అందరికీ తెలుసు. మేమిద్దరం మధ్యాహ్నాలు బయట చాయ్ తాగుతూ మోటా కితాబ్ గొప్పతనం గురించి మాట్లాడుకునేవాళ్లం.

సేఠ్ తలుపు వదిలి అడ్డా దగ్గరికి వచ్చి ఎడమ తీగెను మళ్లీ చూశాడు. "రెండేండ్ల సంది నా దగ్గర ఇద్దరు ఉస్తాదులున్నరని మురుస్తున్న, ఒక్కడేనా?" అన్నాడు. ఆయనకే నవ్వు వచ్చేసింది. పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ముందు శుక్రవారం సంగతి చూడండ్రి" అని వెళ్లిపోయాడు.

కళ్లద్దాల ఉస్తాద్ ఎవరూ చెప్పకుండానే లేచి మూలకు పోయాడు. అక్కడ గుర్రపు జీన్ల బట్టలకు లావు తాడు అంచు కుట్టే పని ఉండేది. వేళ్లతో తడిమి చేసే మోటు పని, ఉస్తాదులెవరూ ముట్టేవారు కాదు. ఆయన ముట్టాడు. నాలుగో అడ్డా ఆయన వచ్చి ఎడమ తీగె విప్పి మళ్లీ కుట్టాడు, దుపట్టా గురువారం సాయంత్రానికే పూర్తయింది. పెళ్లివారు మెచ్చుకున్నారట. నా నౌకరీ నిలిచింది.

అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటే. పానుల ఉస్తాద్ నోరు విప్పలేదు. నాలుగు రోజులు, ఒక్క మాట లేదు. పదిమందిలో తన రహస్యం బయటపెట్టినందుకు కోపమో, ఎదురుగా ఇంకో మొహం కనిపిస్తున్నందుకు దిగులో. మధ్యాహ్నం అందరికంటే ముందు ఉరికొచ్చి, చేయడానికి పని లేక, మూలన ఉన్న జీను బట్టల వంక చూస్తూ నిలబడేవాడని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నాక నాకు కూడా అన్నం సయించలేదు. రెండు చేతులా కన్నీళ్లు తుడుచుకుంటూ చెబుతున్నాననుకోకండి, కానీ ఇప్పటికీ అది తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

శనివారం నేను పుస్తకం తెరుస్తుంటే ఆయన లేచాడు. చెప్పులు తొడుక్కున్నాడు, బయటికి పోయాడు, నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"మున్షీ, గా ఏడో దర్వాజా మల్ల చదువు."

"అసలుదా ఉస్తాద్?"

"అసలుది ఇన్న. నీది చదువు. దోస్త్ తిరిగి పోయేది."

కితాబులో లేనిది చదవమని ఆ కార్ఖానాలో అడిగిన మొదటి మనిషి ఆయనే. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నేను పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని చెప్పాను. స్నేహితుడు పేరు ఇవ్వనన్నాడు, దండం పెట్టాడు, తిరిగాడు.

"ఇంటికి పోయినంక?" అన్నాడు పానుల ఉస్తాద్, సూది ఎక్కిస్తూ.

అది నేనెప్పుడూ ఆలోచించలేదు. నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను. ఇల్లు చేరాడు, కాళ్లు కడుక్కున్నాడు, భార్య పెట్టిన జొన్న రొట్టె కడుపునిండా తిన్నాడు, మంచం వాల్చుకున్నాడు. యుద్ధం లేదు, పరీ లేదు, ఒక్క మంత్రం కూడా లేదు. అంత చప్పటి కథను ఆ హాలులో ఎవరూ అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు.

"నిద్ర పట్టిందా వానికి?"

నేను నోరు తెరిచేలోగానే మూల నుంచి, తాడు లాగుతూ, కళ్లద్దాల ఉస్తాద్ అన్నాడు:

"పట్టింది మియా. మస్తుగ పట్టింది. ఈసారి రాజకుమారుడు ఎనకకు మర్లి వచ్చి, పక్కపొంటి కూసుండి చూసిండు."